మఖమల్ అని రాస్తే సరిపోతుందా?

16వ శతాబ్దపు ఇటలీలో జరిగే నాటకానికి దుస్తుల వివరాలు తెలుగులో రాస్తున్నాను. ప్రభువు వేసుకునే డబ్లెట్‌కి (ఒంటికి బిగువుగా ఉండే పొట్టి కోటుకి) "మఖమల్" అని రాశాను. కుట్టేవారు సాగే వెలూర్ తెచ్చారు, అదీ మఖమలే అంటున్నారు. ఏ మాట రాయాలి?

— మీ మాటలో తప్పు లేదండీ. మఖమల్ పారశీక, ఉర్దూల మీదుగా మనకొచ్చింది. దాని అరబ్బీ మూలం 'ఖమ్ల్' అంటే బట్ట మీది నూగు. వెల్వెట్‌కి మూలమైన లాటిన్ 'విల్లస్' కూడా వెంట్రుకల కుచ్చే. ఎక్కడివాళ్లయినా ఆ బట్టని నూగుతోనే గుర్తుపట్టారు. నూనూగు మీసాల్లో ఉన్న నూగే ఇది. బట్ట మీద లేచి నిలిచే పోగుల్ని ఇంగ్లీషులో 'పైల్' అంటారు, దానికి ఇంతకంటే మంచి తెలుగు మాట నాకు కనిపించలేదు.

చిక్కంతా ఆ నూగు ఎక్కణ్నుంచి లేచిందన్న దగ్గరే. అసలు వెల్వెట్‌కి అదనపు పడుగు (నిలువు) దారాల్ని సన్నని కడ్డీల మీదుగా నేసి, పైకి లేచిన ఉచ్చుల్ని కోసేవారు. వెల్వెటీన్‌లో నూగు పేకది (అడ్డ దారాలది), మామూలుగా నూలుది. అది 18వ శతాబ్దంలో వచ్చింది. ఇప్పుడు వెలూర్ పేరుతో అమ్మేది ఎక్కువగా అల్లిక బట్ట, అందుకే సాగుతుంది. మీ నాటకానికి అది అస్సలు కుదరదు. కానీ పాత ఫ్రెంచి పత్రాల్లో 'వెలూర్' అని కనిపిస్తే కొట్టేయకండి, ఫ్రెంచిలో వెల్వెట్ పేరే అది!

— అయితే "పట్టు మఖమల్" అంటే చాలా?

— చాలదండీ. ఇప్పటి సిల్క్ వెల్వెట్‌లో చాలావరకు అడుగు నేత పట్టుదే గానీ నూగు రేయాన్‌ది. ఒంటి మీంచి నీళ్లలా జారుతుంది. 1930ల గౌనుకి అందంగా ఉంటుంది, డబ్లెట్‌కి మాత్రం బిగువుగా నిలబడే బట్ట కావాలి. పూర్తి పట్టుది దొరక్కపోతే పొట్టిగా, ఒత్తుగా నూగున్న నూలు వెల్వెట్ నయం. పాలిస్టర్ మెరుపు స్టేజి లైట్ల కింద దాగదు.

నేనైతే "పడుగు నూగు మఖమల్, పొట్టి నూగు, సాగనిది, నలిపినట్టుండే మెరుపు లేనిది" అని రాస్తాను. ముక్కలన్నీ నూగు ఒకే దిక్కుకి ఉండేలా కత్తిరించాలని కూడా చేర్చండి. నూగు కింది నుంచి పైకి ఉంటే రంగు చిక్కగా కనిపిస్తుంది.

— "పడుగు నూగు" భలే ఉందండీ, అదే రాస్తున్నాను.