అప్‌డేట్: లాగిన్ సమస్య తీరింది, డిస్క్ నిండిపోవడమే కారణం

అంబాజీపేటలో మా బాబాయి కొబ్బరి కొట్టులోని ఉబుంటు (విండోస్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) కంప్యూటర్ గురించి అడిగాను కదా, పాస్‌వర్డ్ కొట్టగానే తెర నల్లబడి మళ్లీ లాగిన్ దగ్గరికే వచ్చేస్తోందని. ఇప్పుడు బాగుంది. సలహాలు ఇచ్చినవాళ్లందరికీ చాలా థ్యాంక్స్.

ఎక్కువమంది గ్రాఫిక్స్ డ్రైవర్‌ని అనుమానించారు. అది కాదు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే వచ్చే టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే తెర) అదే పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లగలిగాను. అక్కడ డిస్క్‌లో ఎంత చోటుందో చూపే డీఎఫ్ కమాండ్ కొడితే, సిస్టమ్ ఉండే రూట్ పార్టిషన్ (డిస్క్‌లో ప్రధాన భాగం) 100% నిండి ఉంది. డెస్క్‌టాప్ మొదలవ్వాలంటే కొన్ని చిన్న ఫైళ్లు రాసుకోవాలి. చోటు లేక వెనక్కి వచ్చేస్తోంది.

నింపింది సిస్‌లాగ్, అంటే సిస్టమ్ తన సందేశాలన్నీ రాసుకునే ఫైల్. తెరిస్తే పేజీల కొద్దీ ఒకటే గోల: "పీసీఐఈ బస్ ఎర్రర్, సివియారిటీ కరెక్టెడ్". అంటే సిస్టమ్ తానే సరిదిద్దుకున్న లోపాలు, వైఫై కార్డు నుంచి వస్తున్నవి. ఆ ఫైల్‌ని డిలీట్ చేయకండి. లాగ్ రాసే ప్రోగ్రామ్ దాన్ని తెరిచి ఉంచుకుంటుంది కాబట్టి చోటు వెంటనే తిరిగి రాదు. ట్రంకేట్ కమాండ్‌తో దాని సైజును సున్నా చేయాలి. జర్నల్‌ని (సిస్టమ్ రాసుకునే మరో లాగ్) కూడా 200 ఎంబీకి కుదించి రీబూట్ చేశాను, డెస్క్‌టాప్ వచ్చేసింది.

"ఏరా, లెక్కలన్నీ ఉన్నాయా?" అని బాబాయి టెన్షన్‌గా అడిగారు. ఒక్క ఫైలూ పోలేదు. అందుకే, రీఇన్‌స్టాల్ చేసే ముందు దయచేసి డిస్క్ చూడండి.

ఆ ఎర్రర్లు మళ్లీ లాగ్‌ని నింపకుండా గ్రబ్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు ఉబుంటుని మొదలుపెట్టే ప్రోగ్రామ్) "పీసీఐ=నోఏఈఆర్" అనే సెట్టింగ్ చేర్చాను. అది ఎర్రర్ల నమోదును ఆపుతుందే తప్ప లోపాన్ని పోగొట్టదు. వైఫై కార్డు ఊడదీసి మళ్లీ బిగించాల్సి ఉంది.