లక్ష కిలోమీటర్ల ప్లగ్‌లు 60 వేలకే మార్చాలా?

కొత్త స్టీరింగ్: నా పెట్రోల్ కారు 60 వేల కిలోమీటర్లు తిరిగింది. పెట్రోల్‌ని నిప్పురవ్వతో అంటించే స్పార్క్ ప్లగ్‌లు ఇరిడియంవి. మాన్యువల్‌లో లక్షకి మార్చమని ఉంది, మెకానిక్ ఇప్పుడే మార్చమంటున్నాడు. బండి నడకలో తేడా ఏమీ లేదు. ఎవరి మాట వినాలి?

పాత కార్బొరేటర్: మార్చేయండి. మేం 20 వేలకోసారి మార్చేవాళ్లం, బండ్లు గుర్రాల్లా పరిగెత్తేవి.

మిస్‌ఫైర్: పెద్దాయనా, అవి నికెల్ ప్లగ్‌లు. నికెల్ 1,455 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, ఇరిడియం 2,400 దాటినా తట్టుకుంటుంది. మొన సన్నగా ఉన్నా చాలా నెమ్మదిగా అరుగుతుంది. 60 వేలకే మార్చడం అంటే సగం సబ్బు పారేయడమే.

కాయిల్ కష్టాలు: "తేడా ఏమీ లేదు" అన్న మాట నమ్మకండి. నేనూ అదే అనుకుంటూ లక్షా ముప్పై వేల దాకా లాగాను. మొన అరిగేకొద్దీ నిప్పురవ్వ దూకే గ్యాప్ పెరుగుతుంది, అది దాటడానికి ప్లగ్‌కి కరెంటు ఇచ్చే కాయిల్ ఇంకా ఎక్కువ వోల్టేజ్ ఇవ్వాలి. రోజూ కొంచెం కొంచెంగా జరిగేది మనకెలా తెలుస్తుంది? ఒకరోజు ఎత్తు ఎక్కుతుంటే బండి కుదుపులు, ఇంజన్ లైటు మిణుకుమిణుకు. ప్లగ్‌లతో పాటు ఒక కాయిల్ కూడా పోయింది. మిస్‌ఫైర్ అవుతుండగా, అంటే పెట్రోల్ సరిగ్గా అంటుకోకుండా ఉండగా, అలాగే తోలితే కాలని పెట్రోల్ వెళ్లి పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌నీ పాడుచేస్తుంది.

మిస్‌ఫైర్: మీరు లక్ష దాటించారు కాబట్టి ఆయన 60కే మార్చాలా? ఇదేం లెక్క!

కాయిల్ కష్టాలు: సరే, ఆ మాట ఒప్పుకున్నా. కానీ టర్బో అయినా, గ్యాస్ కిట్ ఉన్నా లెక్క మారుతుంది. వాటిలో ప్లగ్ మీద భారం ఎక్కువ.

కొత్త స్టీరింగ్: రెండూ లేవండీ. కాకపోతే బండికి ఏడేళ్లు.

పాత కార్బొరేటర్: అదీ అసలు సంగతి! ఏళ్ల తరబడి కదపని ప్లగ్ మరల్లో పట్టేస్తుంది. మాన్యువల్‌లో కిలోమీటర్ల పక్కనే ఏళ్లు కూడా రాసి ఉన్నాయేమో చూడండి.

మిస్‌ఫైర్: ఒకటి విప్పి చూడండి, మాటలెందుకు. ఇంజన్ పూర్తిగా చల్లారాకే. వేడి మీద తిప్పితే ప్లగ్ బిగించే అల్యూమినియం హెడ్‌లో (ఇంజన్ పై భాగం) మరలు ఊడిపోతాయి.

కొత్త స్టీరింగ్: విప్పాను. మాన్యువల్‌లో ఏళ్ల మాట లేదు. మొన లేత గోధుమ రంగు, మసి లేదు, నూనె లేదు. గ్యాప్ 1.1 మిల్లీమీటర్లు ఉండాలి, 1.15 ఉంది. మళ్లీ బిగించేశాను, 80 వేలకి చూస్తా.

పాత కార్బొరేటర్: అంత దూరం విప్పినవారు కొత్తవి వేసేస్తే పోయేది కదా!