ఫైబర్ సీటుకు పాలియెస్టర్ చాలదా?

వాలుసైకిలు (శనివారం, రాత్రి 8:40)
అందరికీ నమస్కారం. ఆరు నెలలుగా పెరట్లో రేకుల షెడ్డు కింద ఒక వాలు సైకిలు కడుతున్నాను. వెనక్కి వాలి, కాళ్లు ముందుకు చాపి తొక్కే రకం. రెండు పాత సైకిళ్ల ఫ్రేములు కోసి, వెల్డింగు మాత్రం బయట చేయించాను. మడ్‌గార్డులు, చైను కవరు, సీటు ఫైబరుతో నేనే చేసుకున్నాను. సీటుకు థర్మోకోల్ దిమ్మ చెక్కి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూసి, నున్నగా గీకి, మైనం పాలిష్ నాలుగు పూతలు వేశాను. దాని మీద చదరపు మీటరుకు 450 గ్రాములుండే గాజుపోగు మ్యాటు మూడు పొరలు, దాన్ని తడిపి గట్టిపడే పాలియెస్టర్ రెసిన్. మందం 3 మిల్లీమీటర్లు వచ్చింది. నా బరువు 74 కిలోలు. కూర్చుంటే నడుము దగ్గర కిర్రుమంటోంది. మూడు వారాలకు కింది బోల్టు చుట్టూ వెంట్రుకంత గీత పడింది, చుట్టూ తెల్లబడింది. ఈసారి ఎపాక్సీ అనే ఇంకో రకం రెసిన్‌తో చేయాలా? అచ్చు భద్రంగానే ఉంది, ఇంకో మూడు నాలుగు సీట్లు తీయవచ్చు.

(థర్మోకోల్ మీద నేరుగా పాలియెస్టర్ పూయకండి. నా మొదటి దిమ్మ పావుగంటలో చెద తిన్న దూలంలా అయింది.)

ఇనుపగుర్రం (8:52)
ఇనుప సీటు వేసుకోండి. గొడవ ఉండదు.

తెప్పరేవు (9:15)
పాలియెస్టరే చాలు. పందొమ్మిదేళ్లుగా కాకినాడ దగ్గర ఫైబర్ తెప్పలు బాగు చేస్తున్నాను. ఇంజిను, వల, ఐసు, నలుగురు మనుషులు, ఇంత బరువుతో అలల మీద దబదబా పడే తెప్ప పాలియెస్టరుతోనే నిలుస్తుంటే నీ 74 కిలోలు ఎంత తమ్ముడూ? నీ తప్పు రెసిన్‌లో లేదు, పక్కటెముక లేకపోవడంలో ఉంది. పీవీసీ గొట్టాన్ని నిలువునా సగానికి చీల్చి, సీటు వెనక నిలువుగా రెండు పెట్టి, వాటి మీద రెండు పొరల మ్యాటు వెయ్యి. కిర్రుమనడం ఆగకపోతే నన్ను అడుగు.

కొలబద్ద (9:48)
పక్కటెముకల మాట నిజమే. రెసిన్ మాట తప్పు. పాలియెస్టర్ గట్టిపడేటప్పుడు ఎక్కువ ముడుచుకుంటుంది, పెళుసు, పాత పొర మీద అతుకు బలహీనం. ఎపాక్సీ గాజుపోగును పట్టుకున్నట్టు అది పట్టుకోదు. 27 ఏళ్లు ఈ పనే చేసి రిటైరయ్యాను. ఒక జాగ్రత్త: ఎపాక్సీకి ఆ మ్యాటు వాడకండి. దానిలో పోగులను కలిపి ఉంచే బంక పాలియెస్టర్‌లోని స్టైరీన్ అనే ద్రావకానికి కరుగుతుంది, ఎపాక్సీకి కరగదు. నేసిన గుడ్డ తెచ్చుకోండి. రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డనర్ తూకం వేసి కలపండి, గరిటెలతో కాదు. తొందరగా ఆరాలని హార్డనర్ ఎక్కువ పోస్తే సీటు జున్నులా ఉంటుంది.

తెప్పరేవు (10:05)
మా అన్న కొడుకు ఎపాక్సీ పని చేసి రెండు నెలలు చేతులు పొక్కిపోయి కూర్చున్నాడు. ఇప్పుడు డబ్బా మూత తీస్తే చాలు, మొహం ఉబ్బుతుంది. ఒకసారి పడకపోతే జన్మంతా పడదు. అది రాయలేదేం?

కొలబద్ద (10:11)
చేతితొడుగులు వేసుకోకపోతే పొక్కుతాయి. అది రెసిన్ తప్పు కాదు.

తెప్పరేవు (10:14)
వేసుకున్నాడు.

గవ్వ (10:30)
మీ చైను కవరు ఫొటో చాలా బాగుంది వాలుసైకిలు గారూ. ఆ మామిడిపండు రంగు పైపూత జెల్‌కోటేనా?

వాలుసైకిలు (10:41)
అవునండీ. రెసిన్‌లో రంగు పేస్టు కలిపాను.

కొలబద్ద (ఆదివారం, ఉదయం 6:20)
రాత్రి రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను. తెప్పను సైకిలుతో పోల్చకండి. తెప్ప అడుగు ఎంత మందం? వంగకపోవడం మందంతో పాటు మామూలుగా పెరగదు. మందం రెట్టింపు చేస్తే ఎనిమిది రెట్లు పెరుగుతుంది. అంత మందం పెట్టి, ఆ లెక్కను పాలియెస్టర్ గొప్పతనం అంటున్నారు. సైకిలుకు ఆ బరువు ఎవరు మోస్తారు?

తెప్పరేవు (6:55)
1960లోనే అమెరికాలో స్పేస్‌లాండర్ అని సైకిలు మొత్తం ఫైబరుతో చేశారు. ఫ్రేముతో సహా. నేను మ్యాటు కొనే కొట్టులో దాని బొమ్మ అంటించి ఉంటుంది.

కొలబద్ద (7:10)
చేశారు. బౌడెన్ అనే డిజైనర్ దాన్ని 1946లోనే గీశాడు, నిజంగా తయారైంది 1960లో. అమ్ముడైనవి 522. బరువు 22 కిలోల పైమాటే. స్వీడన్ వాళ్లు 1982లో ఇటెరా అని ప్లాస్టిక్ సైకిలు తెచ్చారు, తొక్కితే ఊగేది, మూడేళ్లలో మూతపడింది. మీ కొట్టులో దాని బొమ్మ లేదా?

తెప్పరేవు (7:13)
నువ్వు పుస్తకం చూసి మాట్లాడతావు. నేను చేత్తో మాట్లాడతాను.

ఇనుపగుర్రం (7:30)
ఇనుము.

కొలబద్ద (7:52)
సీటు సంగతి వదిలేసి మడ్‌గార్డు చెబుతాను. మడ్‌గార్డుకు బరువు లేదు కాబట్టి ఏదైనా ఫరవాలేదు అనుకుంటారు. 2011లో మా వీధి కుర్రాడు ముందు చక్రానికి పలచటి పాలియెస్టర్ మడ్‌గార్డు చేసి ఇచ్చాడు, మొహమాటానికి తగిలించుకున్నాను. ఒక పుల్ల చక్రంలో ఇరుక్కుంది. మడ్‌గార్డు ముడుచుకుని, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కింద బిగుసుకుపోయింది. చక్రం ఆగింది, నేను ఆగలేదు. రెండు పళ్లు, ఎడమ మణికట్టు. ముందు మడ్‌గార్డు కడ్డీలు లాగితే ఊడిపోయే క్లిప్పులతో అమ్మేది ఇందుకే.

తెప్పరేవు (8:04)
పుల్ల ఇరుక్కుంటే రెసిన్ ఏం చేస్తుంది? ఎపాక్సీ అయితే పుల్ల వెనక్కి తిరిగి పోయేదా?

కొలబద్ద (8:09)
కాదు. కుర్రాడికి తెలియదు, నాకు తెలుసు. తెలిసీ తగిలించుకున్నాను. అదీ సంగతి.

చిన్నచక్రం (8:40)
వాలుసైకిలు గారూ, మొదటి పోస్టులో "ఇంకో మూడు నాలుగు సీట్లు తీయవచ్చు" అన్నారు. మీకు నాలుగు సీట్లు ఎందుకు?

వాలుసైకిలు (9:25)
ఆఫీసులో ముగ్గురు చూసి ముచ్చటపడ్డారు. ఫ్రేము సహా కట్టివ్వమని కొంత డబ్బు ముందే ఇచ్చారు. ఒకరు తమ అబ్బాయికి, పన్నెండేళ్లు. ఒకరు ఫోర్కు కూడా ఫైబరుతో తేలిగ్గా చేయమన్నారు. అది ఇంకా ఆలోచిస్తున్నాను.

కొలబద్ద (9:31)
ఆలోచించకండి. ఫోర్కు వద్దు. సైకిళ్లకు ఐఎస్ఓ 4210 అనే అంతర్జాతీయ భద్రతా ప్రమాణం ఉంది, దాని ప్రకారం ఫోర్కును లక్షసార్లు ముందుకూ వెనక్కూ వంచి చూస్తారు. మీ షెడ్డులో ఎన్నిసార్లు వంచుతారు? సీటూ ఇంకొకరికి వద్దు. నిన్నటి నుంచి రెసిన్ గురించి కొట్టుకుంటున్నాం, అసలు ప్రశ్న చిన్నచక్రం గారు అడిగారు. మీరు కూర్చుంటే కిర్రుమన్నది మీకు వినిపిస్తుంది, మీరు దిగుతారు. ఆ అబ్బాయి దిగడు.

తెప్పరేవు (9:50)
అయితే చేత్తో చేసినవాడు ఎవరికీ ఏమీ అమ్మకూడదా? మా ఊళ్లో తెప్పలకు ఏ కంపెనీ ముద్ర ఉంది? నా చేతి ముద్రే.

కొలబద్ద (9:54)
తెప్ప చిట్లితే నీళ్లు తోడుకుంటూ ఒడ్డుకు రావచ్చు. సైకిలు విరిగితే వెనక లారీ ఉంటుంది.

తెప్పరేవు (10:02)
నీళ్లు తోడుకుంటూ. ఒడ్డుకు పన్నెండు మైళ్ల దూరాన, రాత్రి, గాలి లేచాక తోడి చూడండి సారూ. ఆ మాట మళ్లీ అనకండి. ఐదేళ్ల కిందట నేను బాగు చేసిన తెప్ప ఒకటి రాళ్ల మీదికి ఎక్కించి చీల్చుకున్నారు. మనుషులు ఈదుకుని వచ్చారు, దేవుడి దయ. నా అతుకు చెక్కుచెదరలేదు, చీలింది దానికి మూరెడు అవతల. అయినా ఊరంతా "వాడి రెసిన్ మంచిది కాదు" అన్నారు. కూలి ఎగ్గొట్టారు. ఆ ఏడాది నా దగ్గరికి ఒక్క తెప్ప రాలేదు. అప్పటి నుంచి పాలియెస్టర్‌ను ఎవరైనా ఒక మాటంటే నన్ను అన్నట్టే ఉంటుంది. చెబుతున్నాను, దాచుకోవడం ఎందుకు.

చిన్నచక్రం (10:10)
అంటే మీరు బాగు చేసినది ఎవరైనా అనుమానిస్తే ఏం చూపిస్తారు?

తెప్పరేవు (10:26)
చూపించేది ఏముంది, వినిపిస్తాను. చిన్న సుత్తితో తట్టుకుంటూ పోతాను. టంగుమంటే పొరలు అతుక్కున్నాయి. బొదబొదమంటే లోపల గాలి. అక్కడ గీకేసి మళ్లీ వేస్తాను.

కొలబద్ద (10:33)
మేము రూపాయి బిళ్లతో తట్టేవాళ్లం. పెద్ద యంత్రాలు ఉన్నా ముందు బిళ్లే. కానీ అది వినడానికి చెవి కావాలి. వాలుసైకిలు గారికి ఆ చెవి ఉందా?

వాలుసైకిలు (మధ్యాహ్నం 1:15)
తట్టాను. నాకు అంతా ఒకేలా వినిపించింది. అందుకే హ్యాక్సా తీసుకుని సీటును నడుము దగ్గర అడ్డంగా కోశాను. మాస్కు ఉన్నా మెడంతా దురద. సీటు నడుము దగ్గర కిందికి తిరిగే వంపులో మధ్య పొర తెల్లగా, పొడిగా ఉంది. వేలితో లాగితే పోగులు దూదిలా వచ్చాయి. పక్కనే చింతగింజంత ఖాళీ. అక్కడ రోలరు తిరగక వేలితో అద్దినట్టు గుర్తు. బోల్టు రంధ్రం దగ్గర మాత్రం పొరలు బాగానే ఉన్నాయి. చిన్న వాషరు పెట్టి గట్టిగా బిగించాను, అంచున గీత మొదలైంది.

తెప్పరేవు (1:22)
బోల్టుకు పెద్ద రేకు వాషరు, కింద రబ్బరు. వంపులో మ్యాటును ముక్కలుగా చించి వెయ్యి, కత్తిరించకు. చించితే అంచులు కలిసిపోతాయి. రోలరు పోని చోట కుంచె నిలువుగా పెట్టి పొడువు.

కొలబద్ద (1:30)
సరిగ్గా చెప్పారు. ఆ అబ్బాయి డబ్బు?

వాలుసైకిలు (1:48)
ఇందాకే ఫోను చేశాను. తిరిగి ఇచ్చేస్తానన్నాను. ఆయనకు కోపం వచ్చింది. మిగతా ఇద్దరికి ఇంకా చెప్పలేదు.

ఇనుపగుర్రం (1:55)
కోసిన ముక్కల ఫొటో పెట్టండి.

తెప్పరేవు (2:03)
పెట్టు. ఎపాక్సీ అయినా ఆ వంపులో అలాగే పొడిగా ఉండేది. అది మాత్రం రాసి పెట్టుకో.