డాట్‌నెట్ వెబ్ సర్వీసులో 5 నిమిషాలకోసారి పని: ఏ టైమర్ వాడాలి?

రాత్రిషిఫ్ట్: డాట్‌నెట్ 8, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, మూడు కంటైనర్లు (అదే సర్వీసు మూడు కాపీలుగా). పెండింగ్ పేమెంట్ల స్టేటస్ 5 నిమిషాలకోసారి చూడాలి. టైమర్స్.టైమరా, థ్రెడింగ్.టైమరా, పీరియాడిక్‌టైమరా? రోజూ పొద్దున 9కి రిపోర్టు మెయిల్ కూడా ఉంది.

గోదారిగట్టు: పీరియాడిక్‌టైమర్. బ్యాక్‌గ్రౌండ్‌సర్వీస్‌లో (వెనకాల నడిచే పనుల క్లాసు) లూప్ పెట్టి, తర్వాతి టిక్ (టైమర్ మోత) దాకా ఆగే వెయిట్‌ఫర్‌నెక్స్ట్‌టిక్‌అసింక్‌కి స్టాపింగ్‌టోకెన్ (సర్వీసు ఆగుతోందని చెప్పే గుర్తు) ఇవ్వండి. పని 12 నిమిషాలు పట్టినా రెండోది మీద పడదు, మధ్యలో పోయిన టిక్కులన్నీ కలిపి ఒక్కటే. మొదటి టిక్ 5 నిమిషాల తర్వాతే వస్తుంది, స్టార్ట్ అవగానే కావాలంటే డూ-వైల్ (ముందు పని, తర్వాత టిక్ కోసం ఆగడం) రాయండి. థ్రెడింగ్.టైమర్ అయితే ముందుది అవ్వకుండానే రెండో కాల్‌బ్యాక్ (టైమర్ పిలిచే ఫంక్షన్) మొదలైపోతుంది.

పాతకాపు: వాడటం రాక తిట్టడం! పీరియడ్ చోట టైమౌట్.ఇన్ఫినిట్ (దానంతటది మళ్లీ మోగొద్దని) ఇచ్చి, పనయ్యాక ఛేంజ్ పిలిచి తర్వాతి మోత పెట్టండి, ఓవర్‌ల్యాప్ ఎక్కడిది? ఫ్రేమ్‌వర్క్ 1.1 రోజుల నుంచి ఇదే పద్ధతి.

చిన్నికోడ్: 1.1లో అవెయిట్ (థ్రెడ్‌ని కట్టెయ్యకుండా పని ముగిసేదాకా ఆగడం) లేదు సార్. ఆ కాల్‌బ్యాక్‌లో అసింక్ ల్యామ్డా రాస్తే అసింక్ వాయిడ్ (ముగిసిందో లేదో పిలిచినవాళ్లకి తెలియని ఫంక్షన్) అవుతుంది. పట్టుకోని ఎక్సెప్షన్ ఒక్కటొస్తే ప్రాసెసే పడిపోతుంది. డిప్లాయ్ (కొత్త వెర్షన్ పెట్టడం) అప్పుడు ఆ పని ముగిసేదాకా హోస్ట్ (సర్వీసుని నడిపేది) ఆగదు కూడా.

పాతకాపు: ట్రై-క్యాచ్ రానివాళ్లకి ఏ టైమరైనా ఒకటే. టైమర్స్.టైమర్ తన ఎలాప్స్‌డ్ (టైమ్ అయిందనే ఈవెంట్) లో వచ్చిన ఎక్సెప్షన్‌ని చప్పుడు లేకుండా మింగేస్తుంది, అది నయమా?

చిన్నికోడ్: దాని పేరు నేనెత్తానా? లేని మాట అంటగట్టకండి. ట్రై-క్యాచ్ పీరియాడిక్‌టైమర్‌కీ కావాలి, అదీ లూప్ లోపల. లేకపోతే డాట్‌నెట్ 6 నుంచి డీఫాల్ట్‌గా హోస్ట్ మొత్తం ఆగిపోతుంది.

నల్లతెర: మూడు కంటైనర్లన్న మాట ఎవరికైనా కనపడిందా? ఏ టైమర్ పెట్టినా మూడింట్లోనూ మోగుతుంది. పోస్ట్‌గ్రెస్‌లోని పీజీ_ట్రై_అడ్వైజరీ_లాక్ పెట్టుకోండి, లాక్ దొరికినదే పని చేస్తుంది.

గోదారిగట్టు: చాలదండీ. మూడూ ఒకే క్షణాన స్టార్ట్ కావు. ఒకటి పని ముగించి లాక్ వదిలాక, రెండు నిమిషాలకి ఇంకోటి అదే పని మళ్లీ చేస్తుంది. పైగా మధ్యలో పీజీబౌన్సర్ (డేటాబేస్ కనెక్షన్లు పంచేది) ట్రాన్సాక్షన్ పూలింగ్ (ట్రాన్సాక్షన్ అవ్వగానే కనెక్షన్ ఇంకొకరికి) ఉంటే సెషన్ లాక్ ఒక కనెక్షన్‌లో, అన్‌లాక్ ఇంకోదాంట్లో పడొచ్చు. టేబుల్లో నెక్స్ట్_చెక్ కాలమ్ పెట్టి, టైమ్ దాటిన 50 వరుసల్ని ఫర్ అప్‌డేట్ స్కిప్ లాక్డ్‌తో (ఇంకొకరు పట్టుకున్న వరుసల్ని వదిలేస్తుంది) తీసుకుని, నెక్స్ట్_చెక్ ఇప్పటి నుంచి 5 నిమిషాల తర్వాతకి మార్చి కమిట్ చెయ్యండి. పేమెంట్ గేట్‌వే ఏపీఐని ఆ తర్వాతే పిలవాలి, ట్రాన్సాక్షన్ తెరిచి ఉండగా కాదు.

రాత్రిషిఫ్ట్: డీబీకాంటెక్స్ట్ (డేటాబేస్‌తో మాట్లాడే క్లాసు) ని బ్యాక్‌గ్రౌండ్‌సర్వీస్ కన్‌స్ట్రక్టర్‌లో తీసుకుంటే స్కోప్ ఎర్రర్ వస్తోంది.

చిన్నికోడ్: దాని బదులు ఐసర్వీస్‌స్కోప్‌ఫ్యాక్టరీ తీసుకుని, టిక్కుకో స్కోప్ తెరిచి, డీబీకాంటెక్స్ట్ అందులోంచి తీసుకోండి.

నల్లతెర: రిపోర్టుకి టైమర్ వద్దు, క్యూబర్నెటీస్ (కంటైనర్లు నడిపే వ్యవస్థ) అయితే క్రాన్‌జాబ్ (చెప్పిన టైమ్‌కి నడిచే పని). యూటీసీ లెక్కన మన 9 అంటే 30 3 * * * (రోజూ 3:30). క్యూబర్నెటీస్ 1.27 వెర్షన్ నుంచి టైమ్‌జోన్ ఫీల్డ్ స్టేబుల్, ఏషియా/కోల్‌కతా ఇస్తే ఈ కూడికలుండవు.

పాతకాపు: ఇన్ఫినిట్ గురించి ఎవరూ కాదనలేదు, గమనించండి.