వాల్ట్ విల్లిస్‌ది అభిమానమా, తీరికున్నవాళ్ల సరదానా?

అచ్చుపిచ్చి:
సైన్స్ ఫిక్షన్ అభిమానులు చేతి డబ్బు పెట్టి వేసుకునే చిన్న పత్రికలే ఫ్యాన్‌జైన్లు. అమెరికాలో 1930 నుంచీ ఉన్నాయి. వాటి ఎడిటర్లలో నాకు దేవుడు బెల్‌ఫాస్ట్‌కి చెందిన వాల్ట్ విల్లిస్. పగలు గవర్నమెంటు ఉద్యోగం, ఇంటికొస్తే పత్రిక. 1948లో 'స్లాంట్' మొదలుపెట్టి, ఒక్కో సీసం అక్షరం ఏరి, పేర్చి, చిన్న చేతి ప్రెస్సు మీద అచ్చేశాడు. మొత్తం ఏడు సంచికలు. ఈ ఫ్యాన్‌జైన్ల లోకంలో చందా కట్టకపోయినా పర్లేదు, ఒక ఉత్తరం ముక్క రాస్తే తర్వాతి సంచిక ఇంటికొస్తుంది. అభిమానులందరూ రెండు పార్టీలు: ఇదే జీవితం అనేవాళ్లు, ఇదో పాడు హాబీ, అంతే అనేవాళ్లు. నాది మొదటి పార్టీ. మీదో?

లావణ్య_విశాఖ:
హాబీ పార్టీ. రాత్రి పదకొండు దాటితే నాకు ఏ గ్రహమూ గుర్తుండదు.

కంపోజిటర్ కొడుకు:
దేవుడన్నారు. 1952లో అమెరికా వాళ్లు చందాలేసి చికాగోలో జరిగిన సైన్స్ ఫిక్షన్ అభిమానుల మహాసభకి పిలిపించుకున్నారు కదా, ఆ ఓడ టికెట్టు ఖర్చు ఏ పద్దులో రాస్తారు?

అచ్చుపిచ్చి:
ఆయన చెయ్యి చాచలేదండీ. షెల్బీ విక్ అనే అభిమాని పూనుకుని పోగుచేశాడు. ఆ పద్ధతి నచ్చే, అట్లాంటిక్‌కి అటూ ఇటూ అభిమానుల్ని పంపడానికి తర్వాత ఒక నిధే పెట్టుకున్నారు. మీరు టికెట్టు దగ్గరే ఆగిపోతే ఎలా?

గంటస్తంభం:
1958లో హ్యూగో, అదే సైన్స్ ఫిక్షన్ వాళ్ల పెద్ద అవార్డు, కూడా ఇచ్చారు ఆయనకి. ఊరికే చెప్తున్నా.

కంపోజిటర్ కొడుకు:
సరే, టికెట్టు వదిలేద్దాం. "ఒక్కో అక్షరం ఏరి, పేర్చి" అని పాయసంలా చెప్పారే, అది మా నాన్న ముప్పై ఏళ్లు చేశాడు. ఇంగ్లీషు కేసు, అంటే అక్షరాలుండే గళ్ల పెట్టె, చిన్నది. తెలుగు కేసులో గుణింతాలు, ఒత్తులు, ఎన్ని గళ్లో లెక్కే లేదు. చేతిలో అక్షరాలు పేర్చే స్టిక్, పైన నలభై క్యాండిల్ బల్బు. పని అయ్యాక మళ్లీ ప్రతి అక్షరం దాని గడిలో వెయ్యాలి. 'క'కి బదులు 'ళ' పడితే మర్నాడు తిట్లు. దాన్నెవరూ అభిమానం అనలేదు, రోజు కూలి అన్నారు. అదే పని ఒక ఆఫీసరు సాయంత్రం చేస్తే దేవుడా?

అచ్చుపిచ్చి:
నేనూ కాలేజీలో సైక్లోస్టైల్ పత్రిక వేశాను బాబూ, పదకొండు సంచికలు. స్టెన్సిల్ చిరిగితే మొదటి నుంచీ కొట్టాలి. స్నేహితుడే "ఎవడు చదువుతాడురా ఇది" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది. మీరూ అదే అంటున్నారు.

లావణ్య_విశాఖ:
ఆయన ఆ మాట అనలేదు మాస్టారూ. మళ్లీ చదవండి.

కంపోజిటర్ కొడుకు:
చదివేవాళ్ల గురించి కాదు నా బాధ. మా ఊళ్లో ఒక పెద్దమనిషి సాహిత్య పత్రిక నడిపేవాడు. "సేవండీ, లాభం లేదు" అని నాన్న చేత ఆదివారాలు ఊరికే కంపోజ్ చేయించుకున్నాడు. సేవ ఆయనది, ఆదివారం మాది. పత్రికలో మా నాన్న పేరు ఒక్కసారీ వెయ్యలేదు. పేర్లు పేర్చినవాడి పేరే లేదు.

అచ్చుపిచ్చి:
ఇది ముందే చెప్పుంటే టికెట్టు గొడవ ఉండేది కాదు.

విల్లిస్ మాత్రం అక్షరాలు తనూ పేర్చాడు, పనంతా వేరేవాళ్ల ఆదివారాల మీదకి తోసెయ్యలేదు. లినోలియం ముక్కలు చెక్కి బొమ్మలు అచ్చేసిన జేమ్స్ వైట్ పేరు అందరికీ తెలుసు, తర్వాత పేరున్న రచయిత అయ్యాడు కూడా. ఇకపోతే నా పత్రికలో... స్టెన్సిళ్లు టైపు కొట్టింది మా చెల్లెలు. పేరు వేశానో లేదో చూడాలి.

గంటస్తంభం:
చూడండి.

అచ్చుపిచ్చి:
చూశాను. ఏడో సంచికలో ఉంది. ఇంటిపేరు తప్పు పడింది.

లావణ్య_విశాఖ:
😄 మీ ఇంటిపేరే కదా మాస్టారూ?