కారు దారి మధ్యలో మొరాయిస్తే ముందు ఏం చేస్తారు?

కొత్త_స్టీరింగ్:
లైసెన్స్ ఈమధ్యే వచ్చింది. బండి నడపడానికి భయం లేదు, హైవే మధ్యలో ఆగిపోతే ఏం చేయాలా అన్నదే టెన్షన్. వీడియోలు చాలా చూశాను. అందరూ జాకీ ఎలా ఎత్తాలో చూపిస్తున్నారు, జాకీ తీసేలోపు ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పట్లేదు. మీకు ఎదురైనవి, మీరు చేసినవి రాయండి. అసలు అంతదాకా రాకుండా జాగ్రత్తపడే అలవాట్లుంటే అవీ చెప్పండి.

గ్రీజుచేతులు:
వర్క్‌షాపులో పని నాది, బ్రేక్‌డౌన్ అని ఫోన్ వస్తే రోడ్డు మీదికి వెళ్తుంటాను. పాడైన బండిని చూస్తే నాకు ఏమీ అనిపించదు, బోనెట్ ఎత్తి రోడ్డుకి వీపు పెట్టి నిలబడ్డ మనుషుల్ని చూస్తే గుండె జారిపోతుంది. వెనక వచ్చేవాడికి మన బండి ఆగి ఉందన్న సంగతి బాగా దగ్గరికి వస్తే గానీ అర్థం కాదు. అందుకని ముందు దారిలోంచి తప్పుకోండి, రిపేరు తర్వాత.

ఇంజిన్ ఆగిపోయినా బండికి ఊపు ఉంటుంది, ఆ ఊపులోనే ఇండికేటర్ వేసి రోడ్డు అంచుకి తెచ్చేయాలి. స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకు గట్టిపడుతుంది, కంగారు పడొద్దు, రెండూ పనిచేస్తాయి, బలం ఎక్కువ పెట్టాలి అంతే. బ్రేకు తేలిగ్గా పడేలా చేసే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు తొక్కుళ్లకే వస్తుంది, కాబట్టి తొక్కి వదిలి తొక్కి వదిలి దాన్ని అయిపోగొట్టకుండా ఒకేసారి నొక్కి పట్టండి. బండి కదులుతుండగా తాళంచెవి మాత్రం బయటికి లాగొద్దు, స్టీరింగ్ లాక్ పడిపోతుంది.

ఆగాక హజార్డ్ లైట్లు (ఇండికేటర్లన్నీ ఒకేసారి వెలిగి ఆరేవి) వేసి, ట్రాఫిక్ లేని వైపు తలుపులోంచి అందరూ దిగాలి. రెయిలింగ్ ఉంటే దాని అవతలికి వెళ్లి, బండికి కాస్త వెనకగా నిలబడండి. ముందు నిలబడితే, ఎవరైనా వచ్చి గుద్దినప్పుడు మన బండే మన మీదికి వస్తుంది.

రాత్రిబండి:
పైన చెప్పింది నిజం. బండి ఆగిందని వెనకవాళ్లకి తెలిసేలా రోడ్డు మీద పెట్టే ట్రయాంగిల్ గురించి నాదో మాట. చాలామంది దాన్ని డిక్కీకి నాలుగడుగుల దూరంలో పెడతారు, అది అలంకారానికి తప్ప దేనికీ పనికిరాదు. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు 28 మీటర్లు పోతుంది. అంటే 50 మీటర్ల దూరంలో పెట్టినా వెనకవాడికి దొరికేది రెండు సెకన్ల లోపే. హైవే మీద 100 మీటర్లకి తగ్గకుండా పెట్టాలి. మలుపు దాటి ఆగాల్సి వస్తే మలుపుకి ఇవతలే పెట్టాలి, లేకపోతే చూసేసరికే అయిపోతుంది. పట్టుకెళ్లేటప్పుడు దాన్ని విప్పి ముందు పట్టుకుని, వచ్చే బండ్లకి కనబడేలా నడవండి. నడవడానికి అంచే లేని రోడ్డయితే, బండ్లు దూసుకుపోతుంటే, ట్రయాంగిల్ సంగతి వదిలేసి మీరు ముందు పక్కకి తప్పుకోండి.

కొత్త_స్టీరింగ్:
నా బండిలో అసలు ట్రయాంగిల్ ఉందో లేదో కూడా తెలీదు. డిక్కీ తీసి చూస్తా.

స్టెప్నీ_మాస్టారు:
అది చూసేటప్పుడే స్టెప్నీలో గాలి ఉందో లేదో కూడా చూడు తమ్ముడూ. పంచరైన రోజున స్టెప్నీ కూడా మెత్తగా ఉండటం నేను ఎందరి బండ్లలోనో చూశాను.

టైరు మార్చే పద్ధతి వీడియోల్లో ఉంటుంది కాబట్టి వాళ్లు హడావిడిగా దాటేసేవి మాత్రం రాస్తాను. నేల గట్టిగా, చదునుగా ఉన్నచోటుకి మెల్లగా నడిపించుకెళ్లు, ఈ క్రమంలో టైరు పాడైతే పాడవనీ. హ్యాండ్‌బ్రేకు వేసి, మొదటి గేరులో ఉంచి (ఆటోమేటిక్ అయితే పీ, అంటే పార్క్‌లో), మార్చే చక్రానికి ఎదురుమూల ఉన్న చక్రానికి రాయి అడ్డం పెట్టు. నట్లు చక్రం నేల మీద ఉండగానే కొంచెం వదులు చేయాలి, పైకెత్తాక తిప్పితే చక్రమే తిరుగుతుంది, బండి జాకీ మీంచి జారుతుంది. జాకీ పెట్టే చోటు మాన్యువల్‌లో ఉంటుంది, కింద రేకు అంచున గుర్తు కూడా ఉంటుంది, ఎక్కడ పడితే అక్కడ పెడితే రేకు లోపలికి పోతుంది. విప్పిన చక్రాన్ని బండి అంచు కింద పడుకోబెట్టేయడం పాత మెకానిక్కుల అలవాటు, జాకీ జారినా బండి ఆ చక్రం మీద ఆగుతుంది. జాకీ మీదున్న బండి కిందకి తల గానీ చెయ్యి గానీ పెట్టకు, పడిపోయిన నట్టు కోసమైనా సరే.

బిగించేటప్పుడు వరసగా కాకుండా ఎదురెదురు నట్లు బిగించాలి. ఓ 50 కిలోమీటర్లు పోయాక ఆగి మళ్లీ పానా పెట్టి చూడు. కొన్ని బండ్లకి సన్నటి స్టెప్నీ ఇస్తారు, దాని మీదే 80 కిలోమీటర్ల వేగం దాటొద్దని రాసి ఉంటుంది. అది పంచరు షాపు దాకా తీసుకెళ్లడానికే.

ఎండమావి:
ట్యూబ్‌లెస్ అయితే మేకు దిగినా పీకకుండా గాలి కొట్టుకుని వెళ్లిపోవచ్చు కదా, స్టెప్నీ దాకా ఎందుకు? చిన్న గాలి పంపు డిక్కీలో ఉంటే చాలు. ఇంకోటి, ఎండాకాలంలో నేను గాలి కాస్త తగ్గించే ఉంచుతాను, వేడికి టైరు పేలకుండా.

గ్రీజుచేతులు:
మేకు మాట కరెక్టే, గాలి మెల్లగా పోతుంటే మధ్యమధ్యలో కొట్టుకుంటూ నిదానంగా షాపు దాకా పోవచ్చు. టైరు పక్కగోడ చిరిగితే మాత్రం అది పనిచేయదు.

రెండోది మానేయండి బాబూ, చాలామందిలో ఉన్న అపోహ ఇది. గాలి తక్కువున్న టైరు పక్కగోడ ప్రతి చుట్టుకీ ఎక్కువగా వంగుతుంది, ఆ వంగడంలోనే వేడి పుడుతుంది, వేగంగా పోతే ఆ వేడికి లోపలి పొరలు విడిపోతాయి. హైవే మీద పేలిన టైర్లలో ఇదే ఎక్కువ చూస్తాం. ఎంత గాలి ఉండాలో డ్రైవర్ తలుపు తీస్తే చట్రం మీద స్టిక్కర్‌లో ఉంటుంది. టైరు మీద రాసిన అంకె అది తట్టుకునే గరిష్ఠం, మనం పట్టించాల్సింది అది కాదు. చూసుకోవడం కూడా బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. దారిలో వేడెక్కి నాలుగు పాయింట్లు ఎక్కువ చూపించిందని తీసేస్తే, చల్లారాక తక్కువైపోతుంది.

టైరు వయసు కూడా చూడండి. పక్కన DOT అని మొదలయ్యే అక్షరాల వరస చివర నాలుగంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి వస్తే టైరు అయిపోయినట్టే, గాడుల మధ్యలో చిన్న దిమ్మలు ఉంటాయి, రబ్బరు వాటికి సమానంగా అరిగితే మార్చేయాలి.

పాతగేరు:
వేగంలో ఉండగా టైరు పేలితే ఏం చేయాలో కూడా ఇక్కడే రాయాలి. నాకు ముందు టైరు పేలింది ఒకసారి. ఢామ్మని చప్పుడు, స్టీరింగ్ ఒక పక్కకి గుంజేసింది. ఆ క్షణంలో కాలు బ్రేకు మీదికే పోతుంది, దాన్ని ఆపుకోవడమే అసలు కష్టం. గట్టిగా బ్రేకు వేస్తే బండి తిరిగిపోతుంది. స్టీరింగ్ రెండు చేతులతో నేరుగా బిగించి పట్టుకుని, యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీశాను, బండి తనంతట తానే నెమ్మదించాక పక్కకి తీశాను. ఇది రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉన్నవాడికే సాధ్యం. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో స్టీరింగ్ పట్టేవాళ్లు ఆలోచించుకోండి.

వానచినుకు:
వానలో నడిపే పద్ధతి ఎవరైనా చెప్పండి. మావారు వాన పడగానే హజార్డ్ లైట్లు వేసేస్తారు. నాకు అది నచ్చదు, కానీ ఎందుకు తప్పో చెప్పలేకపోతున్నా.

రాత్రిబండి:
అక్కా, హజార్డ్ వేస్తే చాలా బండ్లలో ఇండికేటర్ పనిచేయదు, వేసినా తెలియదు. ఆయన పక్క లేన్‌కి వస్తున్నారని వెనకవాడికి తెలిసే దారే లేదు. పైగా బండి ఆగిపోయిందేమో అనుకుని వాడు ఉన్నట్టుండి బ్రేకు వేస్తాడు. వానలో హెడ్‌లైట్లు డిప్‌లో వేస్తే చాలు, వెనక ఎర్ర లైట్లు కూడా వాటితోనే వెలుగుతాయి. హజార్డ్ ఆగిన బండికి.

ఎండమావి:
ఒప్పుకోను. హైవే మీద ముందర అంతా ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు నేను కదులుతూనే హజార్డ్ వేస్తాను, వెనకవాడు జాగ్రత్తపడతాడు.

రాత్రిబండి:
అది వేరే, అది నేనూ చేస్తాను. గంటల తరబడి వేసుకుని పోయేవాళ్ల గురించి నేను చెప్పింది.

పాతగేరు:
వానలో ముందు బండికీ మనకీ దూరం రెట్టింపు చేయాలి. ముందు బండి ఏదైనా స్తంభాన్ని దాటాక మనం దాన్ని చేరడానికి పొడి రోడ్డు మీద మూడు సెకన్లన్నా పట్టాలి, తడి రోడ్డయితే ఆరు. నిలిచిన నీళ్ల మీద వేగంగా పోతే టైరు రోడ్డుని వదిలేసి నీటి పొర మీద తేలుతుంది, స్టీరింగ్ ఉన్నట్టుండి గాలిలో తిప్పినట్టు తేలికవుతుంది. అప్పుడు బ్రేకు వద్దు, స్టీరింగ్ తిప్పడం వద్దు, యాక్సిలరేటర్ వదిలేస్తే టైరు మళ్లీ పట్టు దొరికించుకుంటుంది.

అద్దం మీద లోపల ఆవిరి పడితే చలిగా ఉన్నా ఏసీ వేయండి, ఏసీ గాల్లో తడిని తీసేస్తుంది.

గ్రీజుచేతులు:
వాన గురించి నాకు కోపం తెప్పించేది ఒక్కటే. నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టడం. ఇంజిన్‌లోకి గాలి పోయే దారిలో నీళ్లు పోయి ఉంటాయి. పిస్టన్ గాలిని నొక్కగలదు గానీ నీటిని నొక్కలేదు, పిస్టన్‌ని కదిలించే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆగిన వెంటనే వదిలేస్తే చిన్న పనితో పోయేది, ఆ ఒక్క సెల్ఫ్‌తో ఇంజిన్ మొత్తం విప్పే పనవుతుంది. బండి తోయించి బయటికి తీసి, టోయింగ్ పిలవండి. పారే నీళ్లయితే అసలు దిగొద్దు, ఒక అడుగు లోతు ప్రవాహం చిన్న కార్లని తేల్చేయగలదు.

సగంట్యాంకు:
ఘాట్ రోడ్డు దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తే పెట్రోలు మిగులుతుందని మా బాబాయి అంటాడు, నిజమేనా

పాతగేరు:
కాదు. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంధనం పూర్తిగా ఆగిపోతుంది, చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి. న్యూట్రల్ చేస్తే ఇంజిన్ ఆగకుండా ఉండటానికి పెట్రోలు తాగుతూనే ఉంటుంది. అంటే మీ బాబాయిగారు పెట్రోలూ పోగొట్టుకుంటున్నారు, బ్రేకులూ కాల్చుకుంటున్నారు. ఏ గేరులో ఎక్కాలో ఆ గేరులోనే దిగాలి, బరువంతా ఇంజిన్ ఆపుతుంది. కాలు బ్రేకు మీదే ఆనించి దిగితే ప్యాడ్లు వేడెక్కి పట్టు పోతుంది, కాలిన వాసన వస్తుంది. అలా వస్తే ఆపి చల్లారనివ్వండి, నీళ్లు పోయకండి.

బ్రేకు ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, తేమ చేరితే ఆ వేడికి మరిగి బుడగలు వస్తాయి, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు. నిజంగానే పెడల్ కిందికి పోతే గబగబా తొక్కుతూ ఒత్తిడి తెచ్చుకోవాలి, గేర్లు ఒక్కొక్కటిగా తగ్గించాలి, హ్యాండ్‌బ్రేకు కొంచెం కొంచెంగా లాగాలి, ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు బిగుసుకుని బండి తిరుగుతుంది.

సగంట్యాంకు:
థాంక్స్. ఈ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి పంపించా ఆయనకి.

వానచినుకు:
టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత వైపు పోతుంటే? వేసవిలో ట్రాఫిక్‌లో నాకు అలా అయింది. ఎక్కడో చదివిన గుర్తుతో ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా పెట్టి, కిటికీలు దించి ఓ పక్కకి తెచ్చాను. పక్క కారాయన నవ్వాడు ఆ ఎండలో హీటరేంటని.

గ్రీజుచేతులు:
నవ్వనివ్వండి, మీరు చేసిందే సరైనది. హీటర్ కూడా చిన్న రేడియేటరే, ఇంజిన్ వేడిని లోపలికి లాగేస్తుంది. ముల్లు దిగకపోయినా, ఆవిరి కనబడినా ఆపేయాల్సిందే. రేడియేటర్ మూత మాత్రం వేడిగా ఉండగా తీయొద్దు, లోపల ఒత్తిడి వల్ల కూలెంట్ మామూలు మరుగు స్థానం దాటి వేడెక్కి ఉంటుంది, మూత తీయగానే మొహం మీదికి చిమ్ముతుంది. అరగంటకి పైనే ఆగి, చేత్తో తాకగలిగేంత చల్లారాక తీయాలి. మరిగిపోయిన ఇంజిన్‌లో ఒక్కసారిగా చల్లటి నీళ్లు పోస్తే ఇంజిన్ పైభాగం, అంటే హెడ్, పగలొచ్చు.

ఎర్ర లైట్లలో ఆయిల్ క్యాన్ గుర్తు వెలిగితే ఇంకా తొందర. "దగ్గర్లో ఊరుంది, అక్కడిదాకా పోదాం" అనుకోకండి, ఆయిల్ ఒత్తిడి లేని ఇంజిన్ నిమిషాల్లో బిగుసుకుపోతుంది. పసుపు లైటయితే నిదానంగా వర్క్‌షాపుకి పోవచ్చు, ఇంజిన్ గుర్తు ఆరి వెలుగుతుంటే మాత్రం వేగం తగ్గించి తొందరగా చూపించాలి.

కొత్త_స్టీరింగ్:
బ్యాటరీ డౌన్ అయితే ఇంకో బండి నుంచి కేబుల్ వేయడం ఎలా? ఆ వరస నాకు గుర్తుండట్లేదు.

స్టెప్నీ_మాస్టారు:
ఎర్రది ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కి, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కి, దాని రెండో కొస మాత్రం చచ్చిన బ్యాటరీకి కాకుండా ఆ బండి ఇంజిన్ మీద రంగు లేని ఇనుముకి. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉండొచ్చు, చివరి కొస తగిలించేటప్పుడు వచ్చే నిప్పురవ్వ దానికి దూరంగా ఉండాలని. తీసేటప్పుడు సరిగ్గా తిరగేసి. కేబుళ్లు వెతికేముందు టెర్మినల్స్ చూడు, తెల్లగా పచ్చగా పొడి పట్టి వదులైపోతే బ్యాటరీ బాగున్నా సెల్ఫ్ తీసుకోదు.

తోసి స్టార్ట్ చేయడం మామూలు గేర్ల బండికే, ఆటోమేటిక్‌ని తోసినా ఫలితం ఉండదు.

ఎండమావి:
నిద్ర సంగతి ఎవరూ ఎత్తలేదు. కిటికీ తీయడం, పాటలు గట్టిగా పెట్టడం ఏవీ పనిచేయవు. నేనైతే కాఫీ తాగి వెంటనే ఓ 20 నిమిషాలు సీటు వాల్చి పడుకుంటాను, కాఫీ పనిచేయడం మొదలయ్యేసరికి మెలకువ వస్తుంది. బండిని రోడ్డు పక్కన కాకుండా పెట్రోలు బంకులోనో, బండ్లు ఆపుకునే చోటో పెట్టాలి.

కొత్త_స్టీరింగ్:
డిక్కీ తీశాను. ట్రయాంగిల్ ఉంది, స్టెప్నీలో గాలి సగమే ఉంది. పానా ఉంది గానీ చక్రానికి ఒక నట్టు మిగతావాటిలా లేదు, గుండ్రంగా పువ్వు ఆకారంలో ఉంది, పానా దానికి పట్టట్లేదు.

గ్రీజుచేతులు:
అది లాక్ నట్. దొంగలు చక్రం ఎత్తుకుపోకుండా వేస్తారు. దానికి వేరే అడాప్టర్ ఉంటుంది, బొటనవేలంత ఇనుప ముక్క, గ్లవ్ బాక్సులోనో స్టెప్నీ గుంటలోనో చూడండి. సెకండ్‌హ్యాండ్ బండయితే పాత ఓనరుని అడగండి. అది దొరకలేదంటే ఇప్పుడే వర్క్‌షాపుకి తీసుకెళ్లి మామూలు నట్టు వేయించేయండి.

కొత్త_స్టీరింగ్:
దొరికింది అన్నా, మాన్యువల్ కవర్లో ఉంది. స్టెప్నీ గాలికి వెళ్తున్నా.