డాడీకి డయాలసిస్ మొదలయ్యాక ప్రార్థన రావడం లేదు

ప్రశ్న: అందరికీ వందనాలు. మాది బోడుప్పల్. నాలుగు నెలలుగా డాడీకి వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. ఉప్పల్‌లో మెట్రో ఎక్కించి నేనే తీసుకెళ్తాను. మంచినీళ్లు కూడా కొలిచి తాగాలి, ఎండాకాలంలో ఆయన్ని చూడలేకపోతున్నాను. ఉపవాస ప్రార్థనలన్నీ అయ్యాయి. మొన్న ఆదివారం సంఘంలో ఒక ఆంటీ "మీ విశ్వాసం చాలట్లేదమ్మా" అన్నారు. అప్పటి నుంచి మోకరిస్తే మాట రావట్లేదు. ఇలాంటప్పుడు దేవుణ్ణి నమ్మడమంటే ఏం చేయాలి?

జవాబు 1: సిస్టర్, బైబిల్లో అన్నీ పోగొట్టుకుని బాధపడుతున్న యోబుతో అతని స్నేహితులూ తప్పు నీదే అన్నట్టు ఇలాగే మాట్లాడారు. చివరికి (యోబు గ్రంథం 42:7) దేవుడు కోప్పడింది వాళ్ల మీదే. కేకలు వేసిన యోబు మీద కాదు! మాట రాకపోతే 88వ కీర్తన చదవండి. అది చీకటిలోనే ముగుస్తుంది, ఓదార్పు వాక్యం ఒక్కటీ అతికించలేదు. అయినా అది ప్రార్థనే, ఆయనతోనే చెప్పుకోవడం కదా.

జవాబు 2: ఆ నాలుగు గంటలూ మీరేమైనా తింటున్నారా అమ్మా? మా అమ్మకి రెండేళ్లు చేయించాను. నేనూ ప్రార్థించలేదు, బిస్కెట్ ప్యాకెట్ పట్టుకుని కూర్చునేదాన్ని. మా సంఘంవాళ్లు ప్రార్థించారు. నేను తార్నాకలో ఉంటాను, శుక్రవారం సెలవు. తోడు రానా?

ప్రశ్న అడిగినవారు: 88 చదివి వినిపించాను. "నేను రోజూ అనేది ఇదే కదా" అన్నారు డాడీ. అక్కా, శుక్రవారం రండి.